ప్రార్థన అంశమని చెప్పాను, చాడీ అయి కూర్చుంది

తీరం_చేరని_పడవ
మూడుసార్లు రాసి చెరిపేశాను. ఇక సూటిగా చెప్పేస్తాను.

మా సంఘంలో ఒక అక్క నన్ను నమ్మి తన కొడుకు సంగతి చెప్పుకుంది. అబ్బాయి ఇంట్లో గొడవపడి వెళ్ళిపోయి నెలలు గడిచాయి. ఫోన్ ఎత్తడు. దేవుడి పేరెత్తితే మండిపడతాడు. "నీకొక్కదానికే చెప్తున్నా" అంది. ఆ వారమే ప్రార్థన కూటంలో అంశాలు అడిగారు. నేను లేచి "మనలో ఒక తల్లి కన్నీళ్ళతో ఉంది, కొడుకు ఇల్లు విడిచిపోయాడు, భారంగా ప్రార్థిద్దాం" అన్నాను. పేరు చెప్పలేదు. కానీ కూటం అయ్యాక ఇద్దరు "ఫలానా ఆవిడేనా?" అని అడిగితే కాదనలేదు. పైగా ఇంకో నాలుగు వివరాలు నేనే కలిపాను. తిరిగి తిరిగి ఆ మాట "ఆ అబ్బాయి ఏదో కేసులో ఇరుక్కున్నాడట" దాకా పోయింది. కేసు అనేది పచ్చి అబద్ధం.

ఆ తర్వాత ఆదివారం ఆవిడ నా ముందు వరసలోనే కూర్చుంది. ఆశీర్వాదం అవగానే బైబిలు కవరు జిప్పు ఒక్క లాగు లాగింది. వెనక్కి తిరగలేదు. ఆ జిప్పు చప్పుడు ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. అప్పటినుంచి ఆవిడ రావడం లేదు.

మూడు వారాలైంది. మోకరిస్తే మాట రావడం లేదు. నలుగురిలో ప్రార్థన చేయమంటే గొంతు నొప్పి అని తప్పించుకుంటున్నాను. పన్నెండేళ్ళుగా నిలబడ్డ విశ్వాసం ఇలా ఒక్క మాటకి కదిలిపోతుందా? నోరు ఎలా బాగుచేసుకోవాలి, మళ్ళీ ఎలా నిలదొక్కుకోవాలి, ఎవరైనా చెప్పండి. (వివరాలు కొన్ని మార్చే రాశాను.)

నిదానం
ముందొక ప్రశ్న. ఆవిడతో మాట్లాడారా?

తీరం_చేరని_పడవ
లేదు. దేవుడి దగ్గర ఒప్పుకున్నాను. ఆవిడ దగ్గరికి వెళ్ళాలంటే కాళ్ళు ఆడటం లేదు.

బెరయ_చదువరి
మనందరం చిన్నప్పుడు కంఠస్థం చేసిన వచనమే, ఎఫెసీ 4:29. "వినువారికి మేలు కలుగునట్లు అవసరమునుబట్టి క్షేమాభివృద్ధికరమైన అనుకూలవచనమే పలుకుడి గాని దుర్భాష యేదైనను మీ నోట రానియ్యకుడి." దుర్భాష అనగానే మనకి బూతులు, తిట్లు గుర్తొస్తాయి. నేను బూతులు మాట్లాడను కాబట్టి ఈ వచనం నాది కాదని చాలా ఏళ్ళు దాటేశాను.

గ్రీకు మూలంలో అక్కడున్న మాట "సాప్రోస్". కుళ్ళినది, పనికిరానిది అని అర్థం. మత్తయి 13:48లో వల నిండాక జాలరులు ఒడ్డున కూర్చుని పారేసే చెడ్డ చేపలకు వాడింది ఇదే మాట. కుళ్ళిన చేప అబద్ధపు చేప కాదు కదా. అది నిజంగా చేపే. అలాగే నిజమైన మాట కూడా కుళ్ళిపోవచ్చు. అక్కా, మీరు మొదట కూటంలో చెప్పింది నిజమే. కానీ ఒకరి దగ్గర దాచమని ఇచ్చిన మాటని నలుగురిలో పెట్టారు, అక్కడే పాడైంది.

ఇక క్షేమాభివృద్ధి అన్నచోట ఉన్నది ఇల్లు కట్టడం అనే మాట. మాట్లాడే ముందు నిజమా కాదా అని ఒక్కటే చూసుకుంటే చాలదు. ఈ మాట ఎవరి ఇల్లు కడుతుంది, ఇప్పుడు అవసరమా, వినేవాళ్ళకి ఏం మేలు, ఇవన్నీ ఆ ఒక్క వచనంలోనే ఉన్నాయి. తర్వాతి వచనమే "దేవుని పరిశుద్ధాత్మను దుఃఖపరచకుడి". మీకు ప్రార్థన రాకపోవడానికి కారణం అదేనని నాకనిపిస్తోంది.

చుక్కాని
బెరయ బ్రదర్, చేప సంగతి బాగా చెప్పారు, కానీ చివరి మాట దగ్గర ఆగాలి. ఆ 30వ వచనం పూర్తిగా చదవండి. "విమోచనదినమువరకు ఆయనయందు మీరు ముద్రింపబడియున్నారు." దుఃఖపరచవద్దు అన్న వాక్యంలోనే ముద్ర చెరిగిపోలేదని కూడా ఉంది. పరాయివాళ్ళు ఏమన్నా మనం దుఃఖపడం, చిరాకుపడతాం. ప్రేమించేవాళ్ళే దుఃఖపడతారు. ఈవిడ ఇప్పటికే కుంగిపోయి ఉన్నారు, ఆత్మ దూరమయ్యాడని అనుకునేలా మాట్లాడొద్దు.

బెరయ_చదువరి
ఒప్పుకుంటున్నాను. సగం వచనం చెప్పి ఆపేశాను. అక్కా, క్షమించండి.

ఉప్పు_రుచి
మాట గురించిన చర్చలో మాట వెనక్కి తీసుకున్నవాళ్ళని మొదటిసారి చూస్తున్నా 🙂 సంతోషం బ్రదర్.

దొర్కా_సూది
నేను అవతలి పక్క మనిషిని. అంటే ఆ జిప్పు లాగిన మనిషిలాంటిదాన్ని. అందుకే కొంచెం పెద్దగా రాస్తాను.

నా కాపురం విషయం ఒకరికి చెప్పుకున్నాను. అది ప్రార్థన అంశమై, ఉపవాస కూటానికి వెళ్ళి, అక్కడినుంచి నాకు ముఖపరిచయం కూడా లేనివాళ్ళ దాకా వెళ్ళింది. ఒకావిడ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని "మీకోసం రోజూ ప్రార్థిస్తున్నానమ్మా" అంది. ఆవిడ మంచి మనసుతోనే అంది. నేను మాత్రం ఆ మెట్ల మీదే కూలబడాలనిపించింది. ఎందుకంటే ఆవిడకి తెలుసని నాకు అప్పుడే తెలిసింది.

పదకొండు నెలలు వేరే సంఘానికి వెళ్ళాను. చివరి వరసలో కూర్చుని, ఆఖరి పాట మొదలవగానే లేచి వచ్చేసేదాన్ని. దేవుడి మీద నాకు కోపం లేదు. కానీ "సహోదరి" అనే మాట వింటే ఒళ్ళు బిగుసుకునేది. నా తాడు తెగలేదు గానీ ఆ పదకొండు నెలలూ ఒక్క పోగు మీదే వేలాడింది.

తర్వాత చెప్పిన మనిషే వచ్చింది. వచ్చి ఏమందో అక్షరం అక్షరం గుర్తుంది. "నువ్వు నాకు చెప్పింది నిన్ను అడక్కుండా నేను చెప్పేశాను. తప్పు చేశాను." అంతే. "కానీ" అనలేదు. "భారంతోనే చెప్పాను" అనలేదు. "ఇంత దూరం పోతుందనుకోలేదు" అనలేదు. ఆ మూడింట్లో ఏది అన్నా నేను తలుపు వేసేదాన్ని.

పడవ అక్కా, మీరు వెళ్ళండి. వెళ్ళినప్పుడు మీ ఉద్దేశం ఎంత మంచిదో చెప్పకండి. అది దేవుడికి తెలుసు, ఆవిడకి ఇప్పుడు అక్కర్లేదు.

తీరం_చేరని_పడవ
చదివి ఏడ్చాను. ఆ మూడు మాటలూ నేను అప్పటికే సిద్ధం చేసి పెట్టుకున్నాను. ముఖ్యంగా భారం అన్నమాట.

నిదానం
"మొదట వెళ్లి" అని మత్తయి 5:24లో ఉంది. అర్పణని బలిపీఠం ముందే వదిలేసి మొదట వెళ్ళి సమాధానపడమన్నాడు ప్రభువు. ఆలస్యం వద్దు, ఈ రోజే వెళ్ళి తలుపు తట్టండి.

దొర్కా_సూది
నిదానం గారూ, ఇక్కడ మీతో కలవను. చెప్పకుండా వెళ్ళి తలుపు తడితే ఆవిడకి ఇష్టం లేకపోయినా లోపలికి రమ్మనాల్సి వస్తుంది. ఒకసారి ఆవిడని అడక్కుండా పని చేసినందుకే కదా ఇదంతా. ముందు అడగండి, "రావచ్చా" అని. వద్దంటే ఆగండి. ఆ వద్దనే హక్కు ఆవిడకి తిరిగివ్వడం కూడా క్షమాపణే.

నిదానం
అలా ఆలోచించలేదు. సరే. మొదట వెళ్ళాలన్నది నిజం, ఎలా వెళ్ళాలన్నది మీరు చెప్పినట్టే.

ఉప్పు_రుచి
అందరూ ఒకవైపే వెళ్తున్నారు కాబట్టి అడుగుతున్నా. ఇలా అయితే ప్రార్థన అంశాలే చెప్పుకోకూడదా? "ఒకని భారముల నొకడు భరించి" అని గలతీ 6:2 ఉంది కదా. భారం తెలియకుండా ఎలా మోస్తాం? నేను బాగా కష్టంలో ఉన్నప్పుడు నా పేరు పెట్టి సంఘమంతా ప్రార్థన చేసింది. ఆ రాత్రులు నన్ను నిలబెట్టింది అదే. చాడీ అవుతుందన్న భయంతో అందరం నోళ్ళు కుట్టేసుకుంటే ఒంటరిగా కుమిలిపోయేవాళ్ళ సంగతేంటి?

ఎమ్మాయు_దారి
మీ భారం మీరే చెప్పుకున్నారా, వేరేవాళ్ళు చెప్పారా?

ఉప్పు_రుచి
నేనే చెప్పాను.

ఎమ్మాయు_దారి
తేడా అక్కడే ఉంది బ్రదర్.

నిదానం
అయినా అపొస్తలుడైన పౌలు సంఘాలకి రాసిన ఉత్తరాల్లో పేర్లు పెట్టి రాశాడుగా. ఫిలిప్పీ 4:2లో యువొదియ, సుంటుకే, ఇద్దరి మధ్యా పొసగడం లేదని సంఘమంతా చదివే ఉత్తరంలోనే రాసేశాడు.

బెరయ_చదువరి
రాశాడు. కానీ వాళ్ళు ఏ విషయంలో పోట్లాడుకున్నారో ఒక్క ముక్క రాయలేదు. రెండు వేల ఏళ్ళుగా ఎవరికీ తెలియదు. రాసిందల్లా వాళ్ళు సువార్త పనిలో తనతోపాటు ప్రయాసపడ్డారని, ఆ సహకారుల పేర్లు జీవగ్రంథంలో ఉన్నాయని. పైగా ఆ ఉత్తరం వాళ్ళ ముందే చదువుతారని తెలిసే రాశాడు. వాళ్ళు లేనప్పుడు అన్న మాట కాదు. సామెతలు 11:13 చూడండి, "కొండెగాడై తిరుగులాడువాడు పరుల గుట్టు బయటపెట్టును, నమ్మకమైన స్వభావముగలవాడు సంగతి దాచును." సంగతి దాచడం అంటే పట్టించుకోకపోవడం కాదు. దాచి మోయడం.

చుక్కాని
మా కూటంలో మేం పాటిస్తున్నది చెప్తాను. ఎవరి అంశం వాళ్ళే చెప్పాలి. వేరేవాళ్ళ గురించైతే "చెప్పమన్నారా?" అని నడిపించేవాళ్ళు అడుగుతారు. చెప్పమనకపోతే "ఒక సహోదరి కోసం" అని కూడా అనకూడదు, ఎందుకంటే ఆ ఒక్క మాటతోనే అందరి బుర్రలూ పేర్లు వెతకడం మొదలుపెడతాయి. ఆ అంశాన్ని మౌన ప్రార్థనలో ఎవరికి వాళ్ళు దేవుడికే చెప్పుకుంటారు. మొదట్లో ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆ మౌనం ముందుకన్నా ఎక్కువసేపు సాగుతోంది.

దొర్కా_సూది
ఇది మా దగ్గర కూడా ఉండి ఉంటే!

కొత్త_ద్రాక్ష
నా ప్రశ్న కొంచెం వేరు. నేను చాడీలు చెప్పను, ముఖం మీదే అంటాను. ఆన్‌లైన్‌లో విశ్వాసం గురించి ఎవరైనా తప్పుగా మాట్లాడితే ఊరుకోలేను. వచనాలతో సహా గట్టిగా ఇస్తాను. ఈ మధ్య మా అక్క "నువ్వు గెలుస్తున్నావు గానీ ఎవరినీ గెలుచుకోవడం లేదు" అంది. అప్పటినుంచి ఆలోచనలో పడ్డాను. కానీ యేసు ప్రభువు కూడా "సర్పసంతానమా" అన్నాడు కదా? మెత్తగా ఉండటమే మంచి మాట అంటే సత్యం ఎవరు చెప్తారు?

చుక్కాని
మంచి ప్రశ్న తమ్ముడూ. ఆ మాట ఎవరితో అన్నాడో చూడు. అధికారం చేతిలో పెట్టుకుని జనం మీద బరువులు మోపేవాళ్ళతో, వాళ్ళ ఎదుటే అన్నాడు. దాని మూల్యం ఆయనే చెల్లించాడు కూడా. బావి దగ్గర సమరయ స్త్రీకి అయిదుగురు భర్తల సంగతి చెప్పాడు, అది కూడా సత్యమే. కానీ అది విని ఆవిడ పారిపోలేదు, ఊరంతటినీ పిలుచుకొచ్చింది. తనని తిట్టినప్పుడో? "ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు." మనం తిరగేస్తాం. మనల్ని అన్నప్పుడు సర్పసంతానమా అంటాం, బలహీనులని నలిపేస్తున్నప్పుడు మౌనంగా ఉంటాం.

బెరయ_చదువరి
సమాధానం చెప్పడానికి ఎప్పుడూ సిద్ధంగా ఉండమన్న 1 పేతురు 3:15 మనం బాగానే వాడతాం. అందులోనే ఉన్న "సాత్వికముతోను భయముతోను" మాత్రం చప్పున మర్చిపోతాం.

కొత్త_ద్రాక్ష
నిజం. నేను స్టేటస్‌లో పెట్టుకున్న వచనం అదే. ఆ రెండు మాటలూ స్థలం చాలక తీసేశాను. ఇప్పుడే చూశాను.

పాత_కీర్తన
నాకు 71 ఏళ్ళు. మా మనవరాలు ఫోన్‌లో ఇది చదివి వినిపిస్తోంది, నేను చెప్తుంటే రాస్తోంది.

నాది పదునైన నోరు. ఇంట్లోవాళ్ళని చాలా బాధపెట్టాను. ఒకసారి నలభై రోజులు అవసరమైతే తప్ప మాట్లాడకూడదని తీర్మానం చేసుకున్నాను. పూర్వం ఐగుప్తు ఎడారిలో అగాథోను అనే సన్యాసి ఉండేవాడని, మౌనం నేర్చుకోవడానికి మూడేళ్ళు నోట్లో రాయి పెట్టుకున్నాడని ఒక సేవకుడు చెప్పగా విన్నాను. ఆ ఉత్సాహం. తొమ్మిదో రోజున నా భార్య అంది: "ఏవండీ, మీరు తిట్టినప్పుడే నయం. ఇప్పుడు ఆ చూపు భరించలేకపోతున్నాను." నోరు మూశాను గానీ ముఖం మూయలేదు. లోపల ఉన్నది కళ్ళలోనుంచి వచ్చింది.

39వ కీర్తనలో దావీదు కూడా అలాగే చేసి చూశాడు. "నేను ఏమియు మాటలాడక మౌనినైతిని" అన్నాడు. మంచి మాట కూడా మానేశాడు. తర్వాతేముంది, "నా గుండె నాలో మండుచుండెను". అందుకే నాకు 141వ కీర్తన ఇష్టం. "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." గోడ కట్టమనలేదమ్మా, కాపు పెట్టమన్నాడు. కాపలావాడు తలుపు మూసి కూర్చోడు. ఎవరిని పంపాలో ఎవరిని ఆపాలో చూస్తాడు. పైగా ఆ కాపలావాడిని దేవుణ్ణి పెట్టమన్నాడు, తనే నిలబడతానని అనలేదు. నా నలభై రోజుల్లో నేను చేసిన పొరపాటు అది.

పడవమ్మా, నీ గొంతు నొప్పి మౌనం కూడా అలాంటిదే. ఎక్కువ రోజులు ఉంచుకోకు.

ఉప్పు_రుచి
తాతగారూ, మీ మనవరాలికి కూడా థాంక్స్.
మంచి మాటకి కూడా వేళ ఉండాలని సామెతలు 27:14 చెప్తుంది, వేకువనే లేచి గొప్ప శబ్దంతో స్నేహితుణ్ణి దీవిస్తే అది శాపంగా ఎంచబడుతుందట. తెల్లారకముందే గ్రూపుల్లో వరసపెట్టి వచ్చే వాక్యం బొమ్మలు చూసినప్పుడల్లా ఆ వచనం గుర్తొస్తుంది 😄

కొత్త_ద్రాక్ష
ఈ వచనం బైబిల్లో ఉందా!! ఇప్పుడే మా ఫ్యామిలీ గ్రూపులో పెడుతున్నా. పొద్దున్న కాదులెండి, సాయంత్రం.

తెల్లవారుజాము
కూటంలో అందరికీ మెత్తగా చెప్తాను, ఇంట్లో భర్త మీద విరుచుకుపడతాను. యాకోబు 3:10 చదివితే "ఒక్కనోటనుండియే" అన్నచోట నా పేరు రాసినట్టుంటుంది. ఈ చర్చ చదువుతున్నాను, అంతే.

ఎమ్మాయు_దారి
నిలదొక్కుకోవడం గురించి ఎవరూ రాయలేదు. పడవ సిస్టర్ అడిగింది రెండూ కదా.

మా అమ్మ పోయినప్పుడు వచ్చినవాళ్ళలో చాలామంది "దేవుని చిత్తం" అన్నారు. ఒకాయన "నీ విశ్వాసానికి పరీక్ష" అన్నాడు. ఇంకొకరు "ఇంకా గట్టిగా ప్రార్థన చేసి ఉంటే" అని సగంలో ఆపారు. ఆ ఆపిన సగం నన్ను ఏడాది వెంటాడింది. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు ఉన్నాడు కదా, అతని స్నేహితులు ఏడు రేయింబగళ్ళు నేల మీద అతని పక్కన మాట లేకుండా కూర్చున్నారు. అంతవరకూ అంత మంచి స్నేహితులు లేరు. నోరు తెరిచాకే పాడైంది. చివరికి దేవుడు, మీరు నన్ను గూర్చి యుక్తమైనది పలకలేదు అన్నది వాళ్ళతోనే. విచిత్రం చూడండి, వాళ్ళు మాట్లాడినదంతా దేవుడి పక్షానే!

ఆ ఏడాది నేను పాపంలో పడలేదు, తిరుగుబాటు చేయలేదు. మెల్లగా కొట్టుకుపోయాను. హెబ్రీ 2:1లో ఉన్నది సరిగ్గా ఆ మాటే, "కొట్టుకొనిపోకుండునట్లు". కొట్టుకుపోయే పడవకి చప్పుడుండదు. ఒడ్డు చూసుకుంటేనే తెలుస్తుంది. నాకు తెలిసింది నా మాటల వల్ల. ఎవరు సాక్ష్యం చెప్పినా లోపల వెటకారం మొదలైంది. పాట వింటే విసుగు. నోరే నాకు ఒడ్డు దూరం చూపించింది.

అదే పత్రిక 6:19లో నిరీక్షణ "మన ఆత్మకు లంగరువలెనుండి తెరలోపల ప్రవేశించుచున్నది" అని ఉంది. లంగరు ఓడలో ఉన్నంతసేపు అది బరువే తప్ప దేనికీ పనికిరాదు. బయట, కనబడనిచోట, కదలనిదాన్ని పట్టుకుంటేనే లంగరు. నేను ఏడాదంతా నా లోపల గట్టిదనం కోసం వెతికాను. లంగరుని ఓడలో వెతికినట్టు. అది తెర లోపల, క్రీస్తు ఉన్నచోట ఉంది. రోమ్‌లో ప్రిస్కిల్లా భూగర్భ సమాధుల గోడల మీద తొలినాటి విశ్వాసులు లంగరు బొమ్మ గీసుకున్నారు. చనిపోయినవాళ్ళ పక్కన గీసిన బొమ్మ అది. తుఫాను రాలేదని కాదు, వచ్చాక కూడా తాడు అక్కడే ఉందని.

చుక్కాని
లంగరంటే అపొస్తలుల కార్యములు 27 గుర్తొచ్చింది. తుఫానులో చిక్కుకున్న ఓడలో 276 మంది. రాత్రి రాళ్ళకి కొట్టుకుంటామేమోనని అమరంనుంచి, అంటే ఓడ వెనకభాగంనుంచి, నాలుగు లంగర్లు వేసి, ఎప్పుడు తెల్లవారుతుందా అని కాచుకుని ఉన్నారు. పద్నాలుగు రోజులుగా తిండి లేదు. అప్పుడు ఖైదీగా ఉన్న పౌలు లేచి, ధైర్యం చెప్పి, రొట్టె పట్టుకుని అందరి ముందూ కృతజ్ఞతాస్తుతులు చెల్లించి విరిచాడు. "అప్పుడందరు ధైర్యము తెచ్చుకొని" తిన్నారు. లంగర్లు ఓడని ఆపాయి, ఒక మనిషి నోటి మాట 276 మందిని ఆపింది. ఆ మాట అతనికి ఎక్కడిదంటే, నేను ఎవనివాడనో ఆ దేవుని దూత గడచిన రాత్రి నా దగ్గర నిలబడ్డాడు అని అంతకుముందే అన్నాడు. తాను ఎవరివాడో అతనికి తెలుసు.

కొత్త_ద్రాక్ష
కానీ అన్నా, అదే అధ్యాయంలో 21వ వచనం! "మీరు నా మాట విని" క్రేతునుంచి బయలుదేరకుండా ఉండాల్సింది అన్నాడు. అంటే "నేను ముందే చెప్పానుగా" అన్నట్టే కదా? పౌలు కూడా!

చుక్కాని
అన్నాడు తమ్ముడూ 🙂 ఒక్క వాక్యం. నాకైతే అది చదివితే ఆదరణే. అక్కడితో ఆపేసి ఉంటే ఆ రాత్రి ఎవరూ అతని మాట వినేవారు కాదు. వెంటనే "ధైర్యము తెచ్చుకొనుడి" అన్నాడు. మనం మొదటి వాక్యం దగ్గరే కూర్చుండిపోతాం.

పడవ సిస్టర్, మీకు చెప్పాలనుకున్నది ప్రభువు శిష్యుడైన పేతురు గురించి. అతను పడిపోయిందీ నోటితోనే. ఒట్టు పెట్టుకుని, శపించుకుని, ఆయన్ని ఎరగనన్నాడు. యోహాను 18లో అతను చలి కాచుకుంటూ నిలబడ్డది బొగ్గుల మంట దగ్గర. 21వ అధ్యాయంలో ఒడ్డున ప్రభువు వేసి ఉంచింది కూడా బొగ్గుల నిప్పే. అదే వాసన, అదే వేడి. అక్కడ మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. పాపం ఏ నోటినుంచి వచ్చిందో ఆ నోటితోనే జవాబు చెప్పించాడు. ఊరికే క్షమించానని పంపేయలేదు. మూడోసారి పేతురు నొచ్చుకున్నాడు. అయినా అడిగాడు.

పేతురు పడకముందే ప్రభువు ఏమన్నాడో చూడండి. "నీ నమ్మిక తప్పిపోకుండునట్లు నేను నీకొరకు వేడుకొంటిని." నువ్వు పడవు అనలేదు. మీకు మూడు వారాలుగా ప్రార్థన రావడం లేదు, సరే. ఆయన ప్రార్థన ఆగలేదు. ఇప్పుడు తాడు మీ చేతిలో జారిందేమో, అవతలి కొస జారలేదు.

తీరం_చేరని_పడవ
అవతలి కొస... ఇది రాసుకున్నాను. ఆవిడకి ఇప్పుడే మెసేజ్ పెట్టాను: "అక్కా, నేను తప్పు చేశాను. మీ ఇంటికి రావచ్చా? వద్దంటే రాను."

నిదానం
ప్రార్థిస్తున్నాం. వివరాలు అక్కర్లేదు.

బెరయ_చదువరి
ఈలోగా ఒక చిన్న సంగతి. పూర్వం అగస్టీను అనే బిషప్పు భోజనబల్ల మీద రెండు పంక్తులు రాసి ఉండేవట. ఇక్కడ లేనివారిని మాటలతో కొరికేవారికి ఈ బల్ల దగ్గర చోటు లేదని వాటి భావం. ఆయనతో ఏళ్ళ తరబడి ఉన్న పొస్సీదియుసు రాశాడు. కొందరు తోటి బిషప్పులు అది మరిచి మాట్లాడితే, పంక్తులైనా చెరిపేద్దాం లేదా నేనైనా లేచిపోతాను అన్నాడట. ఆయన తల్లి మోనికా గురించి ఆయనే రాసుకున్నది ఇంకా నచ్చుతుంది నాకు. పోట్లాడుకున్న ఇద్దరూ వచ్చి ఆవిడ దగ్గర ఒకరి మీద ఒకరు చేదంతా కక్కేవారు. వాళ్ళని కలిపే మాట ఉంటేనే ఆవిడ అటు మోసేది. మిగతాది ఆవిడ దగ్గరే ఆగిపోయేది.

పాత_కీర్తన
ఆగిపోయేది. మంచి మాట.

తీరం_చేరని_పడవ
తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను. జవాబు నాలుగో రోజు వచ్చింది, "రా" అని.

దొర్కా చెల్లీ, నువ్వు చెప్పినట్టే మూడు మాటలూ మింగేశాను. తప్పు చేశానని చెప్పి ఆగాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒక్కటే అడిగింది: "ఎంతమందికి చెప్పావు?" నేను దానికి సిద్ధపడలేదు. కూటంలో ఉన్నవాళ్ళు కాక విడిగా నలుగురు. పేర్లు చెప్పాను. ఒక్కో పేరుకీ ఆవిడ కళ్ళు మూసుకుంది. చివరికి "ఆ కేసు మాట నువ్వన్నావా?" అంది. లేదన్నాను. "అయితే అది అబద్ధమని నువ్వే వెళ్ళి చెప్పు" అంది.

వెళ్ళాను. నలుగురి దగ్గరికీ. చెప్పేటప్పుడు నోరు ఎంత తేలిగ్గా ఆడిందో, వెనక్కి తీసుకునేటప్పుడు ఒక్కో మాటా రాయిలా ఉంది. ఇద్దరు వెంటనే అర్థం చేసుకున్నారు. ఒకావిడ "నేనెవరికీ చెప్పలేదులే" అంది, చెప్పిందని ఇద్దరికీ తెలుసు. నాలుగో ఆవిడ ఏడ్చింది, తను చెప్పినవాళ్ళ దగ్గరికి తను వెళ్తానంది. కూటంలో కూడా లేచి, ఎవరి పేరూ ఎత్తకుండా, నేను నాది కాని మాట ఇక్కడ చెప్పాను, క్షమించండి అన్నాను.

ఆవిడ ఇంకా సంఘానికి రావడం లేదు. నిన్న రాత్రి మాత్రం మెసేజ్ పెట్టింది. ఇది ఇక్కడ రాయవచ్చా అని ఆవిడనే అడిగాను, రాసుకో అంది. "మావాడి కోసం ప్రార్థన చెయ్యి. నువ్వొక్కదానివే."

మోకరించాను. మాటలు వచ్చాయి. ఎక్కువ కాదు.

తెల్లవారుజాము
ఇది చదివి ఫోన్ పక్కన పెట్టి మా ఆయన దగ్గరికి వెళ్తున్నా.

దొర్కా_సూది
అక్కా, ఆ అబ్బాయి సంగతి ఇకమీదట ఏమైనా, మంచి కబురే అయినా, ఇక్కడ మాకు చెప్పకండి.

తీరం_చేరని_పడవ
చెప్పను.